భవనాశిని దరిని ఒక కార్తీకదినము

శ్రీ లక్ష్మీనృసింహ పరబ్రహ్మణే నమః



కార్తీకమాసము ప్రవేశించినది. ఈ నెలలో మన ఇండ్లలోని మాటలన్నియు రెంటిచుట్టును తిరుగుచుండును: ఒకటి దీపము, రెండవది వనభోజనము. దీపమును గూర్చి గడచిన వారమున ముచ్చటించుకొంటిమి. నేడు వనభోజనమును గూర్చి, అందునను ఇంటిల్లిపాది కలసి కొండదారి పట్టి, జలధారలను కన్నులార చూచి, చీకటి పడకమునుపే ఇల్లు చేరుకొను ఒక్క దినపు యాత్రను గూర్చి చెప్పదలచితిమి. “ఇది విహారము కదా, దీనికి ఉపన్యాసమెందులకు?” అని కొందరు అనుకొనవచ్చును. విహారమునకును యాత్రకును నడుమ మన పెద్దలు గోడ కట్టలేదు. ఉసిరిచెట్టు నీడను విస్తరి పరచుకొని కూర్చున్నవానిని “నీవు భోజనము చేయుచున్నావా, పూజ చేయుచున్నావా?” అని అడిగినచో వారు నవ్వియుందురు.

ఆశ్వయుజ కార్తీకములు శరదృతువు. భాగవత దశమస్కంధమున శుకమహర్షి ఈ ఋతువును వర్ణించుచు, వానలకు కలకబారిన నీరు శరత్తున తిరిగి తన స్వభావమును పొందుటను, యోగమునుండి జారిన చిత్తము మరల అభ్యాసముచేత నిర్మలమగుటతో పోల్చెను. అగస్త్యనక్షత్రము ఉదయించినంతనే నీరు తేటపడునని పెద్దల మాట. కాళిదాస మహాకవి రఘువంశమున, రఘువు దిగ్విజయమునకు వెడలు ఘట్టమున, ఈ మాటనే వాడుకొనెను. అయితే ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. అది ఉత్తరదేశపు శరత్తు. అక్కడ భాద్రపదముతో వానలు వెనుకకు మరలును. మన దక్షిణమున అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము వీచును. బంగాళాఖాతమున వాయుగుండములు లేచునది ఈ దినములలోనే. కనుక మన కార్తీకమునకు రెండు ముఖములున్నవి. ఉదయమున అద్దమువంటి తేటనీరు ఏ వంకలో చూచితిమో, మధ్యాహ్నమునకు ఆ వంకలోనే ఎఱ్ఱనీరు చూడవచ్చును. గ్రంథములలోని శరత్తును మనసున నుంచుకొనుడు, కాని అడుగు వేయునపుడు మన ఊరి ఆకాశమును చూచి వేయుడు.

కొండలనడుమ నీరు దూకుచోటికి మన సీమలో ‘కోన’ యని చక్కని పేరున్నది. తలకోన, పెంచలకోన మొదలగు పేర్లు మీకు తెలిసినవే. తలకోనలో నీరు సుమారు 270 అడుగుల ఎత్తునుండి పడును; ఆ దరినే సిద్ధేశ్వరస్వామి ఆలయము. పెంచలకోనలో నరసింహుడు వెలసినాడు. నీరు దూకుచోట దేవుని నిలుపుట, దేవుడున్న చోటికి నీటిని దాటి పోవుట, ఈ రెండును మనకు వాడుకయైన సంగతులే. వీనిలో రెండవదానిని గూర్చియే నేటి మాట. అందులకు మేము ఎన్నుకొన్నది అహోబిలక్షేత్రము.

నంద్యాల జిల్లాలో ఆళ్ళగడ్డకు చేరువను, నల్లమలలో నున్న ఈ దివ్యదేశమును మీలో పలువురు సేవించియే యుందురు. చూడనివారికై దారి కొంచెము చెప్పెదము. దిగువ అహోబిలము చదునునేలపై నున్నది. అక్కడ ప్రహ్లాదవరదుడైన లక్ష్మీనరసింహస్వామి. అక్కడికి సుమారు 8 కిలోమీటర్ల దూరమున, అడవిలోనికి పోయిన రోడ్డు చివరను, ఎగువ అహోబిలము. గుహలో స్వయంవ్యక్తుడైన అహోబిల నృసింహుడు, ఆ ఆలయముననే చెంచులక్ష్మీ అమ్మవారు. బస్సు అక్కడితో ఆగును. ఆపైన కాలినడకయే. భవనాశిని ఒడ్డు పట్టి పోవగా వరాహమూర్తియైన క్రోడ నరసింహుడు, ఇంకను ఎక్కిపోవగా ఒక ప్రక్కను మాలోల నరసింహుడు, కొండపైని జ్వాలా నరసింహుడు. ఎగువ ఆలయమునుండి జ్వాలా సన్నిధికి సుమారు 4 కిలోమీటర్లని చెప్పుదురు. దారి రాళ్ళు, మెట్లు, మరల రాళ్ళు, నడుమనడుమ నీరు. రోడ్డుమీది 4 కిలోమీటర్లతో దీనిని సరిపోల్చరాదు. పిల్లలతోను పెద్దవారితోను పోవువారికి రాకపోకలకే ఒక పగలు చాలదనిపించును.

జ్వాలా సన్నిధికి ముందు కొండ నిటారుగా గోడవలె లేచియుండును. ఆ గోడ అంచునుండి నీరు దూకును. దారి ఆ ధారచెంతనుండియే పోవును. వానలు కురిసిన కాలమున తడవక స్వామిని చేరుట ఎవరితరమును కాదు. వేసవిలో అక్కడనే తుంపర మాత్రము మిగులును. ఈ దూకుట ఎందువలన కలిగినదో కూడ తెలిసికొనుట మంచిది. నల్లమల శిలలు నూరుకోట్ల సంవత్సరములకు పైబడినవని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అతి గట్టిదైన క్వార్ట్‌జైటు రాయి పొరలును, మెత్తనైన పలకరాయి పొరలును ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. మెత్తనిది అరిగిపోవును, గట్టిది నిలుచును. నిలిచిన అంచునుండి నీరు క్రిందికి దూకును. గట్టిరాయి అరుగదు గాని నిలువున బీటలు వారును. స్వామి చీల్చుకొనివచ్చిన స్తంభముగా మనము మ్రొక్కు ఉగ్రస్తంభమును చూచినవారికి ఈ మాట వెంటనే బోధపడును. శాస్త్రము బీటను చూపినది, పురాణము ఆ బీటలోనుండి వెడలినవానిని చూపినది. మేము రెంటిని వినుచున్నాము.

పెద్దలు ఈ స్థలమును పాడినప్పుడు చల్లని ధారలను పాడలేదు. తిరుమంగై ఆళ్వారు పెరియ తిరుమొళిలో పది పాశురములను ఈ క్షేత్రమునకు సమర్పించిరి. అందలి అహోబిలము మండుటెండలోని అహోబిలము. నిప్పుకు కమిలిన వెదుళ్ళు, పగిలిన రాళ్ళు, అలసిన మృగములు, వేటకాండ్ర భయము. దేవతలకు తప్ప ఇతరులకు చేరరానిచోటని వారి ఆశ్చర్యము. ప్రబంధపరమేశ్వరుడైన ఎఱ్ఱాప్రగడ 14వ శతాబ్దమున నృసింహపురాణమును రచించునాటికి కూడ ఇక్కడికి వచ్చుట సులభమై యుండదు. నేడు ఎగువ ఆలయమువరకు వాహనము పోవుచున్నది. ‘చేరరానిచోటు’ అనునది మనకు ఒక అలంకారముగా మిగిలిపోయినది. ఆళ్వారులకు అది అలంకారము కాదు, కాలికి తగిలిన రాయి.

ఇక నీటి పేరు. భవనాశిని. భవమనగా పుట్టుట, గిట్టుట, మరల పుట్టుట. దానిని నశింపజేయునది భవనాశిని. ఈ పేరు ప్రహ్లాదుని మాటకు ఎంత దగ్గరగా నున్నదో చూడుడు. సప్తమస్కంధమున హిరణ్యకశిపుని వధానంతరము స్వామి కోపము శమింపలేదు. దేవతలు దూరముననే నిలిచిరి. లక్ష్మీదేవి సయితము చేరువకు రాజాలకపోయెను. అప్పుడు బ్రహ్మదేవుడు పిల్లవానిని ముందునకు పంపెను. ఆ పిల్లవాడు చేతులు జోడించి, స్వామీ, నీ కోరలను, గోళ్ళను, ప్రేగులమాలను చూచి నాకు భయము లేదు, ఈ సంసారచక్రమును చూచియే భయము అను భావముతో స్తుతించెను. అందరు భయపడినదానికి అతడు భయపడలేదు. అందరును మరచియున్నదానికి భయపడినాడు. అతని ఈ భయమును పోగొట్టునది భవనాశిని. జ్వాలా సన్నిధినుండి దిగివచ్చు నీటికి ఆ పేరు పెట్టినవారెవరో గాని, వారు సప్తమస్కంధమును బాగుగా చదివినవారే.

కొన్ని సంవత్సరముల క్రిందట కార్తీకమున మేము ఇంటిల్లిపాది ఈ దారిని పోయితిమి. మా తల్లిగారు, మా ఇల్లాలు, కుమార్తె, అల్లుడు, తొమ్మిదేండ్ల మనుమరాలు, ఆరేండ్ల మనుమడు. నంద్యాలలో వేకువను బయలుదేరి, దిగువ స్వామిని సేవించుకొని, ఎగువకు చేరునప్పటికి ఎండ వచ్చినది. పులిహోర, దద్ధోజనము మూటలు కట్టియుంటిమి. ఎగువ ఆలయమువద్ద డోలీలవారు మా తల్లిగారిని చూచి దగ్గరకు వచ్చిరి. ఆమె ఒప్పుకొనలేదు. “నాకు ఈ స్వామి చాలు నాయనా. మీరు వెళ్ళి రండి. అక్కడ పైనుంచి పడే నీళ్ళు ఒక్క చెంబెడు పట్టుకురండి” అని రాగిచెంబును మా ఇల్లాలి చేతికిచ్చిరి. ఆమెకు తోడుగా మా ఇల్లాలు క్రిందనే ఉండిపోయెను. చెంబు మనుమరాలి చేతికి వచ్చినది. దారి పొడవునను ఆ పిల్ల దానిని ఇతరుల చేతికి ఈయలేదు.

మూటలు మోయుటకును, దారి చూపుటకును ఆ ఊరివాడొకడు వెంట వచ్చెను. వెదురుపొదలు, మద్దిచెట్లు, వానిమధ్య నీటి చప్పుడు. క్రోడ నరసింహుని సేవించుకొని, అక్కడ తేటనీటిలో పిల్లలు కాళ్ళు తడుపుకొనిరి. మా అల్లుడు నవ్వుచు “దారిలో పడిపోతే పడిపోనీ, ఇక్కడొకసారి నింపుకో” అనగా పిల్ల చెంబును అక్కడ నింపుకొనెను. పైన ధారవద్ద పారబోసి మరల నింపవలెనని దాని ఆలోచన. రెండు మూడు చోట్ల వంకను దాటితిమి. ఒక మలుపు తిరుగగానే ఎదురుగా, ఎంతయో ఎత్తున, కొండగోడమీద తెల్లని గీతవలె నీరు కనబడెను. గాలి వీచినప్పుడు ఆ గీత ఒకప్రక్కకు వంగి, విడిపోయి, మరల ఒక్కటియగుచుండెను. చప్పుడు మాత్రము గాలికి వంగలేదు. పిల్లలు మాటలాడుట మానివేసిరి. మేమందరము అక్కడ కొంతసేపు నిలిచిపోతిమి.

నిలిచియుండగా వెంటవచ్చినవాడు నీటివైపు చూచి, “సామీ, ఇంక పైకి వద్దు. నీళ్ళ రంగు మారింది. పైన యాడో వాన పడినట్టుంది” అనెను. మేమున్నచోట చినుకైనను లేదు. ఆకాశము సగము నీలముగనే యున్నది. కాని నిజమే, రాళ్ళసందున తేటగా పారిన నీరు పలుచని మజ్జిగవలె మారినది. ఆకులు, పుల్లలు కొట్టుకొనివచ్చుచున్నవి.

మా అల్లుడు వినలేదు. అతనిది తప్పుపట్టదగిన ఆలోచన కాదు. “మామయ్యగారూ, ఇంత దూరం వచ్చాం. ఇంకో అరగంటలో స్వామి దగ్గరుంటాం. ఇక్కడిదాకా తెచ్చినవాడు పైదాకా తీసికెళ్ళడా? ప్రహ్లాదుణ్ణి సముద్రంలో పడేస్తేనే కాపాడినవాడాయన” అనెను. మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. వెనుక వచ్చుచున్న యువకులు కొందరు మమ్ము దాటి, గోవిందనామము పలుకుచు ముందునకు పోయిరి. అది చూచినపుడు కాలు నిలుపుకొనుట సులభము కాదు. అప్పుడు మా మనుమడు తల్లి చెంగు లాగి, “అమ్మా, స్వామి రేపు ఉండడా?” అని అడిగెను. వానికి ఆకలి వేయుచున్నదని మాకు తరువాత తెలిసినది. ఏ కారణమున అడిగినను, ఆ ప్రశ్నకు మావద్ద ఒక్కటే సమాధానమున్నది. మేము వెనుకకు మరలితిమి.

దిగివచ్చునపుడు ఉదయము అడుగువేసి దాటిన రాళ్ళలో ఒకటి నీటిలో మునిగియున్నది. వెంటవచ్చినవాడు పిల్లలను భుజమున నెక్కించుకొని, వేరుచోట, పైభాగమున, మమ్మందరను చేయిపట్టి దాటించెను. ఆ యువకులు జ్వాలా నరసింహుని సేవించుకొని, తిరుగుదారిలో నీటికి అవతల చిక్కుకొని, సాయంకాలమున నీరు తీసిన పిదప క్షేమముగా దిగివచ్చిరని తరువాత వింటిమి. మా అల్లుడు ఆ మాటను విని ఊరకుండలేదు: “చూశారా, వాళ్ళకేమీ కాలేదు. వాళ్ళకు దర్శనమైంది.” న్యాయమైన మాటయే. వారి దర్శనమునకు మేము సంతోషించుచున్నాము. అయితే వారు క్షేమముగా వచ్చుట నీటి దయ. ఆరేండ్ల పిల్లవానిని ఎత్తుకొన్నవాడు ఆ దయను ముందుగా లెక్కలో వేసికొనరాదు.

మా తల్లిగారికి చెంబు అందించుచు మనుమరాలు కన్నీరు పెట్టుకొనెను. “అవ్వా, ఇది పైనుంచి పడే నీళ్ళు కాదు. కింద పట్టినవి” అని. ఆమె చెంబులోని నీరు అరచేత పోసికొని, కన్నులకద్దుకొని, త్రాగి, “పైనుంచి దూకినవే కదే ఇవి. నేను నడవలేనని అవే నడిచి వచ్చినాయి” అనెను.

ఇప్పుడు మా అల్లుడు అడిగిన ప్రశ్నకు వత్తుము. ఆ ప్రశ్న అతనిది మాత్రము కాదు. ప్రతి కార్తీకమునను, ప్రతి కోనలోను ఎవరో ఒకరు అడుగుచునే యున్నారు. ప్రహ్లాదుని స్వామి కాపాడినాడు కదా, మనలను కాపాడడా? భాగవతమును తెరచి చూడుడు. ప్రహ్లాదుని కొండమీదనుండి త్రోసిరి, నిప్పులో వేసిరి, ఏనుగులచే త్రొక్కించిరి, విషము పెట్టిరి. ఇవన్నియు ఇతరులు అతనికి చేసినవి. అతడు తనంతట తాను ఏ కొండనుండియు దూకలేదు. “నన్ను కాపాడునో లేదో చూతము” అని ఏ నీటిలోనికిని దిగలేదు. ఆపద వచ్చినపుడు స్వామిని తలచినాడు. స్వామిని పరీక్షించుటకై ఆపదను తెచ్చుకొనలేదు. తన శరణాగతిని పందెముగా ఒడ్డినవాడు కాడు ప్రహ్లాదుడు. స్తంభమున నున్నాడా యని అడిగి దానిని మోదినవాడు తండ్రి. పరీక్ష పెట్టినది హిరణ్యకశిపుడు. ఉప్పొంగిన వంకలో పిల్లలతో దిగి ‘స్వామియే చూచుకొనును’ అనువాడు తన్ను ప్రహ్లాదునితో పోల్చుకొనుటకు ముందు ఈ భేదమును ఆలోచింపవలెను.

‘తీర్థము’ అను మాటను కూడ ఒకసారి విప్పి చూతము. తరించుట యనగా దాటుట. దేనిచేత దాటుదుమో అది తీర్థము. మొదట ఈ మాటకు నదిలో దాటుటకు వీలైన రేవు అనియే అర్థము. పుణ్యస్థలమను అర్థము దానినుండి వచ్చినది. నీరంతయు తీర్థము కాదు. కాలు ఆనుచోటు, అవతలి ఒడ్డు అందుచోటు తీర్థము. ఉదయమున తీర్థమైన రాయి మధ్యాహ్నమున నీట మునిగినప్పుడు, ఆ గడియకు అది రేవు కాదు. నది పవిత్రతకు లోపము రాలేదు, దాటుటకు మాత్రము వీలు లేదు. మన పూర్వులకు ఈ భేదము చక్కగా తెలియును. ఏరు నిండినదని ఒడ్డున మకాము వేసి, నీరు తీయువరకు దినములకు దినములు కాచుకొనియుండిన యాత్రికుల కథలు మన తాతలనాటి ఇండ్లలో కొల్లలు. వారిని భక్తి తక్కువవారని ఎవరును అనలేదు. మనకు సెలవు ఒక్కదినము, సాయంకాలమునకు బస్సు. ఆ తొందరకు మనము ‘విశ్వాసము’ అని పేరు పెట్టుచున్నాము.

2021వ సంవత్సరము నవంబరులో, సరిగా కార్తీకపౌర్ణమి దినములలో, రాయలసీమలో కురిసిన వానలను మీరు మరచియుండరు. తిరుపతిలో కపిలతీర్థపు ధార, ఎన్నడును పిల్లలు తలయొగ్గి స్నానమాడు ఆ ధార, ఏరువలె విరుచుకొనిపడెను. తిరుమలకు పోవు శ్రీవారిమెట్టు నడకదారి దెబ్బతిని, నెలల తరబడి మూతపడియుండెను. నవంబరు 19న చెయ్యేరుపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, దిగువ గ్రామములలో పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ పోయినవారి భక్తిలో ఏ కొరతయు లేదు. వారిలో ఎవరికిని మరలిపోవుటకు వ్యవధి దొరకలేదు. మనకు దొరికినపుడు, నీటి రంగు మనతో ముందుగా చెప్పినపుడు, దానిని స్వామి వాక్కుగా వినుటకు మనకేమి అభ్యంతరము?

నీరు చెప్పు మాటలు కొన్ని మాత్రమే. తేటగా నున్నది కలకబారుట, ఆకులు పుల్లలు కొట్టుకొనివచ్చుట, చప్పుడు హెచ్చుట, ఇంతకుముందు పొడిగా నున్న రాయి తడియుట. మీరున్నచోట ఎండ కాయుచుండవచ్చును. వాన కొండపైన కురిసియుండును. నాచుపట్టిన రాతిమీద చెప్పులు విప్పి నడచుటయే భక్తియని పంతము పట్టవద్దు. ఆలయద్వారమున విప్పిన చాలును. ధార క్రింద గుండము ఎంత లోతో చూచినంతమాత్రమున తెలియదు, దిగవద్దు. ఇది పులులు తిరుగు అడవి. అటవీశాఖవారు చెప్పిన వేళలకు లోబడి, వేకువను ఎక్కి, ప్రొద్దుండగనే దిగవలెను. ఆ ఊరి మనిషిని ఒకని వెంట తీసికొనిపొండు. అతనికి ఇచ్చు సొమ్మువద్ద బేరమాడువారిని చూచితిమి. పిల్లవానిని ఏరు దాటించిన భుజమునకు ఎంత వెల కట్టగలము? డోలీ మోయువారి విషయమునను ఇంతే.

నడకలో ముందు వయసువారు, వెనుక వృద్ధులు, పిల్లలు, ఇది మన అలవాటు. దానిని తిరుగవేయుడు. అందరికంటె మెల్లగా నడచువారు ముందు నడువవలెను. తక్కినవారు వారి వెనుక. అప్పుడు ఎవరును తప్పిపోరు, ఎవరును ఒంటరిగా ఆయాసపడరు. అంతవరకును నడువలేనివారున్నారా, వారికి చిన్నతనము కలుగనీయవద్దు. అహోబిలమున స్వామి తొమ్మిది రూపములతో వెలసియుండుటలో మాకు ఒక దయ కనబడుచుండును. దిగువ ప్రహ్లాదవరదుడు చదునునేలపై నున్నాడు. యోగానందుడు, ఛత్రవటుడు దిగువకు చేరువనే, వాహనము పోవుచోట నున్నారు. కారంజ నరసింహుడు దారి ప్రక్కనే. భార్గవునకు కొంత శ్రమ, పావనునకు అడవిదారి, మాలోలునకు మెట్లు, జ్వాలకు ఏరు. ఎవరి మోకాళ్ళకు తగినట్లు వారికి ఆయన ఎదురువచ్చి నిలిచియున్నాడు.

నీటిని గూర్చి కడపటి మాట ఒకటి. కార్తీకస్నానమునకు సబ్బుతో పనిలేదు. తడిసిన పాతబట్టలను ఏటిలో విడుచుట పుణ్యమని ఎవరు చెప్పిరో గాని, ఏ శాస్త్రమునను మాకు అది కనబడలేదు. ఆ బట్టలు రాళ్ళసందున చిక్కి కుళ్ళుచున్నవి. దీపమును అరటిదొప్పలో విడువుడు, ప్లాస్టికుగిన్నెలో వద్దు. కోతులకు అన్నము పెట్టవద్దు. విస్తరాకులు తప్ప ఏ చెత్తను అడవిలో వదలక మూటగట్టి వెనుకకు తెచ్చుకొనుడు. మీరు పైన కాళ్ళు కడిగిన నీటినే క్రింద ఒక ముదుసలి అరచేత పట్టి త్రాగును.

జ్వాలా స్వామికి మ్రొక్కుకొని, నీటివలన మరలివచ్చినవారు మ్రొక్కు తీరలేదని దిగులుపడుచు మమ్ము అడుగుచుందురు. తెచ్చిన తులసిని, కొబ్బరికాయను ఎగువ అహోబిల నృసింహునికి సమర్పింపుడు. వీలున్నచో మాఘ ఫాల్గునములలో, నీరు సన్నబడిన పిదప, మరల రండు. అప్పుడు ధార చిన్నదిగా నుండును, దారి పొడిగా నుండును. వచ్చునపుడు వృద్ధులకొరకు ఒక చెంబును వెంట తెచ్చుకొనుడు.

స్వస్తి